దడ తగ్గాక తీసిన ఈసీజీ

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగిళ్లలో గుండె వేగంగా కొట్టుకోవడానికి ఉన్న మాట ఒక్కటే, దడ. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే పుట్టేదీ దడే, ఏ భయమూ లేకుండా కూర్చున్న మనిషికి నాడి నిమిషానికి 180 సార్లు కొట్టుకోవడమూ దడే. ఆ రెంటికీ ఒకే పేరుండటంలో తప్పు లేదు, ఒంట్లో అవి నిజంగానే ఒకదాన్నొకటి రేపుతాయి. చిక్కంతా ఆ మాట ఆసుపత్రి చీటీ మీదికి ఎక్కేటప్పుడు వస్తుంది. తెలుగు రాని నర్సు ముందు మన ఆడవాళ్లు "దడగా ఉందమ్మా" అంటే, పక్కనున్నవారు దాన్ని "డొరొ లాగుఛి", అంటే భయంగా ఉంది, అని ఒడియాలో చెప్పడం నేను స్వయంగా విన్నాను. "ఛాతి ధొడొధొడొ హెఉఛి", అంటే గుండె దడదడ కొట్టుకుంటోంది, అని చెప్పి ఉంటే బహుశా ముందు నాడి చూసేవారు.

పర్లాకిమిడిలో ఉండే మా పిన్నికి ఈ దడ ఏళ్ల తరబడి వచ్చింది. వంగి బిందె ఎత్తి లేచేసరికి మీట నొక్కినట్టు మొదలయ్యేది. మెడ కింది గుంటలో కొట్టుకోవడం ఎదుటివారికి కనిపించేది. పావుగంటకో అరగంటకో, మొదలైనట్టే ఒక్కసారిగా ఆగిపోయేది, ఆ తర్వాత రెండు మూడుసార్లు మూత్రానికి వెళ్లవలసి వచ్చేది. ఆటో దొరికి, ఆసుపత్రి చేరి, వరుసలో కూర్చుని ఈసీజీ తీయించుకునే వేళకు గుండె మామూలుగానే ఉండేది. కాగితం బాగుందనీ, మనసులో ఏదో పెట్టుకుని ఉంటారనీ చెప్పి నిద్రమాత్రలు రాశారు. ఇంట్లోవాళ్లు దిష్టి తీశారు. కానీ ఆమె పూసగుచ్చినట్టు చెప్పిన ఆ గుర్తులు ఏ జబ్బువో వైద్యానికి ఎంతో కాలంగా తెలుసు. తెలిసిన సంగతి ఆమె దాకా ఎందుకు రాలేదో అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

నాడి పట్టి చూడటం మన వైద్యంలోనూ పాతదే అయినా, నిమిషానికి ఇన్నిసార్లు అని లెక్కపెట్టే పద్ధతి గడియారంతో పాటు వచ్చింది. ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లోయర్ సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారాన్ని చేయించి, దానితో నాడిని లెక్కించే తీరును 1707లో ప్రకటించాడు. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్, గొంతు దగ్గర వాపుతో పాటు విపరీతమైన దడ ఉన్న స్త్రీలను వర్ణించాడు. థైరాయిడ్‌కూ గుండె వేగానికీ ఉన్న బంధం అలా వైద్యుల దృష్టికి వచ్చింది. 1871లో అమెరికా వైద్యుడు జేకబ్ డకోస్టా అంతర్యుద్ధ సైనికుల్లో కనిపించిన దడ గురించి రాశాడు. వాళ్లలో చాలామంది జ్వరాలతో, విరేచనాలతో చిక్కిపోయినవారు. అయినా తర్వాతి తరాల్లో ఆయన పేరు మీద స్థిరపడిన రోగం క్రమంగా నరాల బలహీనతగా, ఆందోళనగా మారిపోయింది. దడ అంటే భయమే అనే తొందరపాటు మన సరిహద్దు ఊళ్లలో పుట్టింది కాదు.

ఆకస్మికంగా వచ్చి ఆకస్మికంగా పోయే వేగాన్ని ఫ్రెంచి వైద్యుడు లియోన్ బూవరే 1889లోనే వేరు చేసి పేరు పెట్టాడు. లోపల ఏం జరుగుతున్నదో చూపే సాధనం మాత్రం 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో డచ్ శాస్త్రవేత్త విలెమ్ ఐంథోవెన్ చేతుల్లో రూపుదిద్దుకుంది. రోగి చేతులను, కాలిని ఉప్పునీళ్ల పాత్రల్లో ముంచి తీసే ఆ ఈసీజీకే 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. 1930లో వుల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు వైద్యులు 11 మంది రోగుల కాగితాలను కలిపి ప్రచురించారు. దడ లేని సమయంలో కూడా ఒక ప్రత్యేకమైన గీత కనిపించే ఈ జబ్బులో, గుండె పై గదుల నుంచి కింది గదులకు పుట్టుకతోనే ఒక అదనపు విద్యుత్తు దారి ఉంటుంది. అయితే దడ వచ్చే వారందరికీ అలాంటి గీత ఉండదు. పిన్నికి ఉన్నది మరో రకం. పై గదులకూ కింది గదులకూ నడుమ ఉండే కణుపులోనే రెండు దారులుండి, విద్యుత్తు ఒకదాని వెంట దిగి మరోదాని వెంట ఎక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది. ఇది ఆడవారిలో ఎక్కువ. ఆ తిరుగుడు ఆగిన మరుక్షణం ఈసీజీ నిష్కల్మషంగా ఉంటుంది.

కాగితం బాగున్నంత మాత్రాన రోగం లేదనడానికి వీల్లేదన్న గ్రహింపే తర్వాతి పరికరాలన్నిటికీ మూలం. మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ 1940ల చివర, తిరుగుతున్న మనిషి గుండె సంకేతాలను రేడియో ద్వారా పంపే యంత్రాన్ని తయారు చేశాడు. వీపున మోయవలసిన దాని బరువు దాదాపు 38 కిలోలు. ఇప్పుడు హోల్టర్ అంటే నడుముకు కట్టుకునే చిన్న పెట్టె, 24 గంటలో ఇంకా ఎక్కువో రికార్డు చేస్తుంది. నెలకోసారి వచ్చే దడకు అదీ చాలదు కనుక వారాల తరబడి పెట్టుకునేవీ, చర్మం కింద అమర్చేవీ వచ్చాయి. సిర గుండా తీగలు పంపి, దడను ఆసుపత్రిలోనే కావాలని రప్పించి చూసే పరీక్షకు 1967లో నాంది పడింది. ఆ తీగతోనే తప్పు దారిని కాల్చివేసే చికిత్స 1990ల మొదటి నుంచి వాడుకలో స్థిరపడింది.

ఇంత జరిగాక కూడా రోగి మాట నెగ్గడం తేలిక కాలేదు. ఇలాంటి దడ ఉన్న 107 మందిని పరిశీలించి 1997లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, సగానికి పైగా రోగుల జబ్బు తొలి పరీక్షల్లో బయటపడలేదని తేలింది. ఆందోళన జబ్బు, ఒత్తిడి అని పొరపడటం ఆడవారి విషయంలోనే ఎక్కువగా జరిగింది. అక్కడి ఆసుపత్రులలోనే అలా ఉంటే, సగం పూట బస్సులో కూర్చుని బరంపురం చేరవలసిన మన మనిషి సంగతి వేరే చెప్పాలా?

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోది. బరంపురంలో 1962లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, దానికి పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు. కోరాపుట్‌లో 2017లో మరొకటి వచ్చింది. అయినా గుండె అనగానే తెలుగు కుటుంబాలు ఇప్పటికీ విశాఖపట్నం రైలెక్కుతాయి. దారి పొడుగునా దడ ఆగకుండా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆగిపోతే చూపడానికి ఏమీ ఉండదు.

వేగంగా కొట్టుకునే ప్రతి గుండెకూ విద్యుత్తు లోపమే ఉంటుందని కాదు. విశ్రాంతిలో నిమిషానికి 100 దాటితే వేగం అంటారు. జ్వరం, ఎండ దెబ్బ, విరేచనాలతో నీరు తగ్గడం, గర్భం, థైరాయిడ్ ఎక్కువవడం, ఆయాసానికి వాడే కొన్ని మందులు, ఇవన్నీ గుండెను తొందరపెడతాయి. అలాంటప్పుడు వేగం మెల్లగా పెరిగి మెల్లగా దిగుతుంది. మన వైపు అన్నిటికంటే ముందు చూడవలసింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 60 శాతానికి పైగా రక్తహీనులే. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి వైపు సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే పుట్టుకతో వచ్చే జబ్బు, కూడా ఉంది. రక్తం పలచబడినప్పుడు ఉన్న కాస్త రక్తాన్నే గుండె ఎక్కువసార్లు తిప్పక తప్పదు. దీనికి తోడు పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద గుడాకు, మన అవ్వలు నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్ట. రెంటిలోనూ నికోటిన్ ఉంది. పండుగ పూట మితిమీరిన సారా గుండె లయనే తప్పించగలదు. చిన్ననాట గొంతునొప్పితో మొదలైన కీళ్లవాతం గుండె కవాటాన్ని బిగించి ఉంటే, పెద్దయ్యాక, ముఖ్యంగా గర్భంతో ఉన్నప్పుడు, లయ లేని దడగా బయటపడవచ్చు. దానిలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది కనుక తేలిగ్గా తీసుకోకూడదు.

నా అభిప్రాయంలో ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒక కారణం దొరకగానే వెతకడం ఆపేయడం. పిన్నికి హిమోగ్లోబిన్ నిజంగానే 8 ఉండేది. ఐరన్ మాత్రలతో అది పెరిగింది, దడ మాత్రం తగ్గలేదు. మీట నొక్కినట్టు వచ్చిపోయే వేగానికి రక్తహీనత ఒక్కటే జవాబు కాదని అప్పుడైనా ఎవరైనా అడగవలసింది.

సరైన అంచనా కష్టమైనదేమీ కాదు. ఎలా మొదలైంది, ఎలా ఆగింది, ఎంతసేపుంది, కొట్టుకోవడం తాళం తప్పిందా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని ఓపికగా అడగాలి. ఆ తర్వాత ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, రక్తంలోని ఉప్పుల పరీక్ష, అవసరమైతే గుండెకు తీసే స్కాను ఎకో, హోల్టర్ చేయించాలి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి అందకపోయినా ఇవేవీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. ఆగని దడకు డాక్టరు పర్యవేక్షణలో చేయించే ఒక ఉపాయం కూడా ఉంది. 15 సెకన్లు గట్టిగా ఊపిరి బిగబట్టి ఊదించి, వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకుంటారు. 2015లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో ఈ పద్ధతికి 43 శాతం మందిలో దడ ఆగింది, కాళ్లు ఎత్తకుండా చేయించిన పాత పద్ధతికి 17 శాతం మందిలోనే.

పిన్ని దడ చివరికి దొరికింది గజపతి జిల్లాలోని కాశీనగరంలో. పెళ్లికి వెళ్లిన చోట మొదలైతే, విశాఖ మాట ఎత్తకుండా వీధి చివర ఉన్న చిన్న ఆసుపత్రికి నడిపించారు. మూరెడు ఈసీజీ కాగితం వచ్చింది, దాని మీద సన్నని గీతలు చిక్కటి దువ్వెన పళ్లలా ఉన్నాయి. ఎవరికీ దాని విలువ తెలియక ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచారు. ఏడాది తర్వాత విశాఖలో డాక్టరు ముందు తీసి చూస్తే కాగితం తెల్లగా ఉంది. ఈసీజీ కాగితం వేడికి నల్లబడే రకం. దాని మీద సిరా ఉండదు, కాలం గడిచేకొద్దీ గీత వెలిసిపోతుంది, ప్లాస్టిక్ కవరులో ఇంకా తొందరగా. మళ్లీ దడ వచ్చేదాకా ఇంకో ఏడు నెలలు ఆగవలసి వచ్చింది. ఈసారి ఈసీజీ తీసిన గదిలోనే మా తమ్ముడు ఫోనులో ఫొటో తీశాడు, బయటికి రాగానే జిరాక్సు తీయించాడు. చికిత్స అయిపోయి దడ ఆగిపోయినా, ఆ జిరాక్సు ఇప్పటికీ పిన్ని రేషన్ కార్డు మడతలోనే ఉంది.