ఒకే స్థితి మూడుసార్లు వచ్చినంత మాత్రాన డ్రా కాదు: ఆర్బిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

క్లబ్ స్థాయి చదరంగ పోటీల్లో ఆర్బిటర్‌గా, అంటే న్యాయనిర్ణేతగా, నేను తీర్చిన తగాదాల్లో అధిక భాగం నియమాలను సగం తెలుసుకోవడం వల్ల పుట్టినవే. ఏళ్ల తరబడి ఆడుతున్నవారు సైతం ఇందుకు మినహాయింపు కాదు.

అపోహ: ఒకే ఎత్తులు మూడుసార్లు వేస్తే ఆట దానంతటదే డ్రా అవుతుంది.

వాస్తవం: అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే నియమాలు లెక్కించేది ఎత్తులను కాదు, స్థితిని. పావులన్నీ అవే గళ్లలో ఉండి, వంతు అదే ఆటగాడిదై, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదలడం), ఆన్‌పాసాన్ (రెండు గళ్లు దూకి పక్కన నిలిచిన బంటును బంటుతో చంపడం) అవకాశాలు కూడా మారకుండా ఉంటేనే అది అదే స్థితి అవుతుంది. అది వరుసగా రావాలన్న నిబంధన లేదు. మూడోసారి వచ్చినా ఎవరూ డ్రా కోరకపోతే ఆట సాగుతూనే ఉంటుంది, అయిదోసారి వచ్చినప్పుడు మాత్రం ఆర్బిటరే జోక్యం చేసుకుని డ్రాగా ప్రకటిస్తాడు.

అసలు చిక్కంతా కోరే పద్ధతిలో ఉంది. ఒక ఆటలో బంటు తక్కువైన ఆటగాడు ఏనుగుతో ఎడతెగకుండా చెక్‌లు (రాజుపై దాడులు) ఇస్తూ, మూడోసారి అదే గడిలో దానిని పెట్టి, గడియారం నొక్కి, ఆ తర్వాత నా కోసం చెయ్యెత్తాడు. గడియారం నొక్కడంతో వంతు ప్రత్యర్థిదైంది కాబట్టి కోరే హక్కు అతనికి లేకుండా పోయింది. ఏనుగును ముట్టుకోకుండా, వేయబోయే ఎత్తును స్కోర్‌షీటుపై (ఎత్తులు నమోదు చేసే కాగితంపై) రాసి, గడియారం ఆపి పిలిచి ఉంటే అర పాయింటు దక్కేది. ప్రత్యర్థి ఈసారి రాజును వేరే గడికి జరిపాడు, చెక్‌లు అక్కడితో అయిపోయాయి. అయితే కోరిక తప్పని తేలితే ప్రత్యర్థికి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు, రాసిన ఎత్తునే వేయవలసి వస్తుంది కూడా.

అపోహ: సమయం అయిపోతే ఓటమి ఖాయం.

వాస్తవం: ఏ ఎత్తుల వరుసతోనూ ప్రత్యర్థి మాట్ చేయలేని (రాజును తప్పించుకోలేని చెక్‌లో పెట్టలేని) స్థితి అయితే, ఉదాహరణకు అతనికి రాజు ఒక్కటే మిగిలి ఉంటే, ఫలితం డ్రాయే.

అపోహ: ఏనుగుపై దాడి ఉంటే క్యాస్లింగ్ చేయకూడదు.

వాస్తవం: చేయవచ్చు. రాజు చెక్‌లో ఉండకూడదు, దాడిలో ఉన్న గడిని దాటకూడదు, అలాంటి గడిలోకి చేరకూడదు, అంతే. ఇది తెలియనివారు సిగ్గుపడనక్కర్లేదు, 1974లో కార్పోవ్‌తో క్యాండిడేట్స్ ఫైనల్ (ప్రపంచ చాంపియన్‌ను సవాలు చేసేదెవరో తేల్చే పోరు) ఆడుతూ గ్రాండ్‌మాస్టర్ కోర్చ్‌నోయ్ అంతటివాడే ఈ సందేహాన్ని ఆర్బిటర్‌ను అడిగి తీర్చుకున్నాడు. నాకు ఎక్కువగా కనబడే పొరపాటు మాత్రం వేరు: ముందుగా ఏనుగును పట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ చెల్లదు, ముట్టుకున్న ఏనుగునే కదపాలి.