మత్తడి నీళ్లకు ఎంత నల్లటి గాజు కావాలి?

జులై, ఆగస్టు నెలల్లో నాలుగు గట్టి వానలు పడ్డాయంటే వరంగల్, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో చెరువులు నిండి ఒక్కొక్కటిగా మత్తడి (అలుగు) దూకుతాయి. ఊళ్లోవాళ్లంతా చూడ్డానికి వెళ్తారు. కొందరు వలలు వేస్తారు, మిగతావాళ్లు ఫోన్లు, కెమెరాలు బయటికి తీస్తారు. ఆ ఫొటోల్లో నీళ్లు చాలావరకు గాల్లోనే ఆగిపోయిన చుక్కల్లా కనిపిస్తాయి. దారాలు దారాలుగా, మెత్తగా జారుతున్నట్టు రావాలంటే కెమెరా షట్టర్ కొంతసేపు తెరిచి ఉండాలి. పగటి వెలుతురులో అంతసేపు తెరిస్తే ఫొటో మొత్తం తెల్లగా పాలిపోతుంది. అందుకే లెన్స్ ముందు ఒక నల్లటి గాజు బిగిస్తారు. దాని పేరు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్. అందరూ ఎన్‌డీ ఫిల్టర్ అంటారు.

ఈ గాజు కొన్ని వందల రూపాయలకూ దొరుకుతుంది, వేలల్లోనూ దొరుకుతుంది. కొత్తగా కెమెరా చేతికొచ్చిన పిల్లలు చాలామంది ఆ వేలు చూసి వెనక్కి తగ్గుతారు. తగ్గాల్సిన పనే లేదని నా గట్టి అభిప్రాయం. చవక ఫిల్టర్‌లో ఉండే అసలు లోపం గాజు నల్లబడేకొద్దీ పెరుగుతుంది. మన చుట్టుపక్కల నీళ్లకేమో అంత నల్లటి గాజు అక్కర్లేదు.

ఎందుకు అక్కర్లేదో నీళ్ల వేగమే చెబుతుంది. వాజేడు మండలంలోని బొగత జలపాతం ఎత్తు సుమారు 30 అడుగులు. గాలి అడ్డును పక్కన పెడితే, ఆ ఎత్తు నుంచి పడే నీటి చుక్క కింద మడుగును తాకేసరికి సెకనుకు 13 మీటర్ల వేగం అందుకుంటుంది. పైనుంచి కిందికి రావడానికి దానికి పట్టే సమయం దాదాపు 1.4 సెకన్లు. షట్టర్ సెకనులో వెయ్యోవంతు సేపే తెరిస్తే, అడుగుభాగంలో కూడా ఆ చుక్క సెంటీమీటరుకు కాస్త ఎక్కువ కదులుతుంది, అంతే. అందుకే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. పావు సెకను తెరిస్తే అదే చుక్క చివర్లో దాదాపు 10 అడుగుల గీత గీస్తుంది. అలాంటి వేల గీతలు పక్కపక్కన పడితే మనం కోరుకున్న మెత్తదనం వస్తుంది, గీతల మధ్య సందులూ మిగులుతాయి. రెండు మూడు సెకన్లు తెరిస్తే ప్రతి చుక్కా పైనుంచి కిందిదాకా మొత్తం దారి తిరిగేస్తుంది. సందులన్నీ పూడిపోయి తెల్లటి ముద్ద మిగులుతుంది. ఆరడుగుల మత్తడికైతే చుక్క ప్రయాణమే 0.6 సెకను. కడెం వాగు మీది కుంటాల జలపాతం బొగత కంటే చాలా ఎత్తైనదే అయినా, నీళ్లు మెట్లు మెట్లుగా రాళ్ల మీద పడుతూ వస్తాయి కాబట్టి ఒక్కో మెట్టుకు లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అంటే పడే నీళ్లకు పావు సెకను నుంచి అర సెకను దాకా చాలు. ఇంటర్నెట్‌లో అందరూ పొగిడే పది స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) ఫిల్టర్ ఇక్కడ పనికొచ్చేదానికన్నా పాడుచేసేదే ఎక్కువ.

ఇప్పుడు వెలుతురు సంగతి. ఫొటోగ్రాఫర్లకు ఒక పాత లెక్క ఉంది. నిండు ఎండలో అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వెళ్లే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/16 పెడితే షట్టర్ స్పీడ్ ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) అంకెకు విలోమం. ఐఎస్‌ఓ 100 అయితే సెకనులో నూరోవంతు. మబ్బు దట్టంగా పట్టిన శ్రావణమాసపు పగలు వెలుతురు దానికి మూడు స్టాపులు తక్కువ, అంటే ఎనిమిదో వంతు. ఆ వెలుతురులో ఎఫ్/11 దగ్గర షట్టర్ సెకనులో 25వ వంతు వస్తుంది. మనకు కావలసిన పావు సెకనుకు ఇంకా ఆరేడు రెట్లు దూరంలో ఉన్నాం, అంతే.

ఆ దూరాన్ని అపర్చర్ మూసి దాటొచ్చు కదా, ఫిల్టర్ ఎందుకు అని అడగొచ్చు. ఎఫ్/22కి మూస్తే వెలుతురు నాలుగో వంతుకు తగ్గే మాట నిజమే. కానీ చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదురుతుంది. దీన్నే వివర్తనం అంటారు. లెన్స్ ఎంత మంచిదైనా ఎఫ్/22 దగ్గర ఒక్క కాంతి బిందువు సెన్సార్ మీద దాదాపు 30 మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. మామూలు 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాలో ఒక పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్లు. ఏడు పిక్సెళ్లకు పైగా అలుక్కుపోయాక రాతి మీది నాచు, ఆకుల అంచులు ఎలా తేటగా వస్తాయి? ఎఫ్/8, ఎఫ్/11 దగ్గరే ఉండి మిగతా పని గాజుకు వదలడం మేలు.

గాజు మీద రాసే అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, కొనేముందు ఇది తెలియాలి. వెలుతురును సగం చేస్తే ఒక స్టాపు. మూడు స్టాపులంటే ఎనిమిదో వంతు. దాన్నే ఒకరు ఎన్‌డీ8 అని, ఇంకొకరు 0.9 అని రాస్తారు. ఈ 0.9 సంవర్గమానం లెక్క. 2కి పది ఆధారంగా సంవర్గమానం 0.301, కాబట్టి స్టాపుకు 0.3 చొప్పున పెరుగుతుంది. ఆరు స్టాపుల గాజు ఎన్‌డీ64 లేదా 1.8. పది స్టాపులది ఎన్‌డీ1000 లేదా 3.0.

మబ్బులో ఎఫ్/11 దగ్గర ఎన్‌డీ8 పెట్టండి, సెకనులో మూడోవంతు వస్తుంది. నిండు ఎండలో అదే ఎఫ్/11 దగ్గర ఎన్‌డీ64 పెట్టండి, మళ్లీ సెకనులో మూడోవంతే వస్తుంది. వానాకాలంలో మత్తడికీ బొగతకీ ఈ రెండు గాజులు చాలు. రెండూ కలిపి బిగిస్తే తొమ్మిది స్టాపులు. లెన్స్ బాగా వైడ్‌లో ఉంటే రింగుల అంచులు ఫొటో మూలల్లో నల్లగా కనిపిస్తాయి, కాస్త జూమ్ చేస్తే పోతాయి.

చవక గాజు లోపం దగ్గరికి వద్దాం. మంచి ఎన్‌డీ ఫిల్టర్ అన్ని రంగులనూ ఒకే పాళ్లలో తగ్గించాలి. చవక రకాల్లో గాజులోనో రెసిన్‌లోనో రంగు కలిపేస్తారు. ఆ రంగు కంటికి కనిపించే కాంతిని ఆపుతుంది కానీ పరారుణ కాంతిని దాదాపు వదిలేస్తుంది. మన కన్ను 700 నానోమీటర్ల దాకానే చూస్తుంది. సెన్సార్‌లోని సిలికాన్ 1,100 దాకా స్పందిస్తుంది. అందుకే కెమెరా తయారీదారులు సెన్సార్ ముందు పరారుణాన్ని ఆపే పొర పెడతారు, అయినా కొంచెం జారుతుంది. మామూలు కాంతిలో రెండువేల వంతుల్లో ఒక వంతు అలా జారుతోందని ఉదాహరణకు అనుకుందాం. ఎన్‌డీ8 పెడితే కనిపించే కాంతి ఎనిమిదో వంతు అయ్యింది, పరారుణం అలాగే ఉంది. దాని పాలు 250లో ఒకటి అవుతుంది, కంటికి ఆనదు. ఎన్‌డీ64తో మూడు శాతం. ఎన్‌డీ1000తో ఏకంగా సగం! బస్తా బియ్యంలో నాలుగు రాళ్లుంటే ఎవరికీ తెలియదు, గుప్పెడు బియ్యంలో అవే నాలుగు రాళ్లుంటే ప్రతి ముద్దకీ పంటికి తగులుతాయి. చవక పది స్టాపుల ఫిల్టర్‌తో తీసిన ఫొటోలో ఆకులు గోధుమరంగుకు, నల్లటి బట్టలు ఎర్రటి ఛాయకు తిరగడానికి కారణం ఇదే. వైట్ బ్యాలెన్స్ మారిస్తే పూర్తిగా పోదు. ఎందుకంటే పరారుణాన్ని ఆకు ఒకలా, రాయి ఒకలా వెనక్కి పంపుతాయి. ఖరీదైన ఫిల్టర్లలో రంగుకు బదులు శూన్యంలో పలచటి లోహపు పూత వేస్తారు, అది పరారుణాన్నీ అదే పాళ్లలో ఆపుతుంది. మీరు కట్టే డబ్బు ఎక్కువగా ఆ పూతకే.

మీ గాజు ఏ రకమో ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. టీవీ రిమోట్ ముందున్న చిన్న బల్బు పరారుణ కాంతినే పంపుతుంది. ఫోన్ ముందు కెమెరాతో చూస్తూ రిమోట్ బటన్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ వెలుగు కనిపిస్తుంది. మధ్యలో మీ నల్లటి గాజు పెట్టండి. వెలుగు ఏమీ తగ్గకపోతే అది రంగు కలిపిన గాజే. తర్వాత ఒక తెల్ల కాగితాన్ని ఫిల్టర్ లేకుండా, పెట్టీ రెండుసార్లు తీసి షట్టర్ తేడా చూడండి. ఎన్‌డీ64 అని రాసి ఉన్నది నిజానికి అయిదు స్టాపులే రావచ్చు. అది నష్టమేం కాదు, ఎంతో తెలిస్తే చాలు.

తిప్పితే నల్లబడే వేరియబుల్ ఫిల్టర్ ఒకటి దొరుకుతుంది, చవకలో దాన్ని మాత్రం కొనమని చెప్పను. అందులో ఉండేవి రెండు పోలరైజర్లు, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే గాజులు. వాటి మధ్య కోణాన్ని బట్టి దాటే కాంతి కొసైన్ వర్గం చొప్పున తగ్గుతుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త మాలుస్ 1809లో చెప్పాడు. 80 డిగ్రీల దగ్గర దాటేది 33లో ఒక వంతు, ఇంకో ఆరు డిగ్రీలు తిప్పితే 205లో ఒక వంతు. వేలు కాస్త జరిగితే లెక్క మారిపోతుంది. పైగా లెన్స్ అంచుల్లోకి ఏటవాలుగా వచ్చే కాంతికి ఆ కోణం వేరుగా ఉంటుంది కాబట్టి, వైడ్ లెన్స్‌లో ఆకాశం మీద అడ్డంగా ఒక పెద్ద నల్లటి ఇంటూ గుర్తు వచ్చేస్తుంది.

వెల్డింగ్ షాపుల్లో దొరికే నల్ల అద్దం గురించి కూడా పిల్లలు అడుగుతుంటారు. పనిచేస్తుంది. వెల్డింగ్ అద్దం మీది షేడ్ నంబరుకూ ఎన్‌డీ సంవర్గమానపు అంకెకూ (0.9, 1.8 లాంటిది) కచ్చితమైన సంబంధం ఉంది. నంబరులోంచి ఒకటి తీసేసి, మూడుతో గుణించి, ఏడుతో భాగిస్తే చాలు. 8వ నంబరు అద్దం సరిగ్గా 3.0, అంటే పది స్టాపులు. 10వ నంబరు దాదాపు పదమూడు. ఆ అద్దం ఆకుపచ్చగా ఉంటుంది, ఫొటో కూడా చిక్కటి ఆకుపచ్చ రంగులో వస్తుంది. రా ఫైల్ (సెన్సార్ నుంచి వచ్చిన ముడి ఫైల్) తీసుకుని నలుపు తెలుపులోకి మారిస్తే బాగుంటుంది. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. కెమెరాకు పెట్టే ఎన్‌డీ ఫిల్టర్ ఎంత నల్లగా ఉన్నా దాని గుండా కంటితో సూర్యుణ్ణి చూడకూడదు. వెలుగు తగ్గినట్టు అనిపిస్తుంది, పరారుణం మాత్రం రెటీనా దాకా వెళ్తూనే ఉంటుంది.

పడే నీళ్లకు సరిపోయిన లెక్క నిలిచిన నీళ్లకు సరిపోదు. లక్నవరం చెరువు మీద గాలికి లేచే మీటరు పొడవు అల ఒక్కటి 0.8 సెకనులో దాటిపోతుంది. నీటి ముఖం నున్నగా రావాలంటే అలాంటి అలలు పాతిక ముప్పయ్యైనా దాటాలి. అంటే ఇరవై ముప్పై సెకన్లు కావాలి. ఇక్కడ కూడా పది స్టాపుల గాజు కొనక్కర్లేదు, సాయంత్రం దాకా ఆగితే చాలు. నిర్మలమైన ఆకాశం కింద సూర్యుడు అస్తమించే వేళ నేల మీద వెలుతురు సుమారు 400 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం). మన అక్షాంశంలో ఆ తర్వాత 23 నిమిషాలకల్లా అది మూడున్నర లక్స్‌కు పడిపోతుంది. దాదాపు ఏడు స్టాపులు, పైసా ఖర్చు లేకుండా! అస్తమయం వేళ ఎఫ్/8, ఎన్‌డీ64తో అర నిమిషం ఎక్స్‌పోజర్ వస్తుంది. అక్కడి నుంచి ప్రతి మూడున్నర నిమిషాలకూ అది రెట్టింపు అవుతూ పోతుంది. 30 సెకన్లు దాటితే కెమెరాను బల్బ్ మోడ్‌లో, అంటే మనం ఆపేదాకా షట్టర్ తెరిచే ఉండేలా పెట్టాలి. ఫోకస్ ముందే చేసుకుని తర్వాత ఫిల్టర్ బిగించాలి. ట్రైపాడ్ గట్టు మీద పెట్టండి. అక్కడి వేలాడే వంతెన మీద పెడితే జనం నడిచే ప్రతి అడుగుకూ ఫొటో కదులుతుంది. ఎండాకాలంలో రామగుండం, ఆదిలాబాద్ వైపు సెన్సార్ వేడెక్కి, నిమిషాల ఎక్స్‌పోజర్లలో రంగు చుక్కలు చాలా వస్తాయి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే అది షట్టర్ మూసి అంతే సమయం ఇంకో ఫొటో తీసుకుని ఆ చుక్కలను తీసేస్తుంది.

అసలు ఫిల్టరే లేకుండా చేసే దారి కూడా ఒకటి ఉంది. ట్రైపాడ్ మీద కెమెరాను కదపకుండా సెకనులో 25వ వంతు చొప్పున పదహారు ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో వాటి సగటు వేస్తే నీళ్లు సాగినట్టే కనిపిస్తాయి. పదహారింటి సగటులో నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) నాలుగో వంతుకు తగ్గుతుంది కాబట్టి ఆ ఫొటో ఫిల్టర్‌తో తీసినదానికన్నా శుభ్రంగా ఉంటుంది. చాలా ఫోన్లలో లాంగ్ ఎక్స్‌పోజర్ అనే మోడ్ చేసేది కూడా ఇలాంటి పనే.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో జనం లేని ఫొటో కావాలన్నా ఈ దారే మంచిది. 1838లో ఫొటోగ్రఫీ తొలి ఆవిష్కర్తల్లో ఒకడైన డగేర్ ప్యారిస్ వీధిని నిమిషాల తరబడి ఎక్స్‌పోజ్ చేస్తే నడిచేవాళ్లంతా మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. 1163లో కట్టిన ఈ గుడి ముందు నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చినా అంతే, సెల్ఫీ కోసం ఆగిన ప్రతివాళ్లూ మసకగా మిగిలిపోతారు. కొన్ని సెకన్లకు ఒకటి చొప్పున ఇరవై ఫొటోలు తీసి, సగటుకు బదులు మధ్యగతం తీసుకోండి. అంటే ప్రతి పిక్సెల్‌కూ ఇరవై విలువలను వరుసలో పెట్టి మధ్యలోది ఎంచుకోవడం. ఒక స్తంభానికి మనుషులు సగానికి తక్కువ ఫొటోల్లో అడ్డొచ్చి ఉంటే చాలు, స్తంభం ఒక్కటే మిగులుతుంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి అక్కడ ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. అది దొరకకపోతే కెమెరాను చేత్తోనే కదలకుండా పట్టుకుని తీయండి, ఆ ఇరవై ఫొటోలనూ ఒకదానిపై ఒకటి సరిగ్గా అమర్చే పని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు కూడా చేస్తాయి.