గడ్డకట్టే నీళ్లతో చలి కాచుకునే ద్రాక్షతోటలు

ఏప్రిల్ వస్తే చాలు, వాట్సాప్‌లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. ద్రాక్షతీగ మీద లేత చిగురు, దాని చుట్టూ వేలెడు మందాన మంచుగడ్డ. కింద "ఫ్రాన్స్‌లో పంట సర్వనాశనం" అని రాసి ఉంటుంది. ఒక పాఠకుడు దాన్నే పంపించి, "ఇంత నష్టం వస్తే రైతులు ఎలా తట్టుకుంటారండీ?" అని అడిగారు. ఫొటోలో నష్టమేమీ లేదు. లోపల చిగురు బతికే ఉంది. ఆ మంచుగడ్డను రైతే రాత్రంతా మేలుకుని, డబ్బు ఖర్చుపెట్టి, కావాలని కట్టించాడు.

ఈ పనికి పేరు పడ్డ చోటు షాబ్లీ. పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్లు, బర్గండీకి ఉత్తరపు కొస. ఊరి పేరే వైన్ పేరు. షార్డొనే అనే ఒక్క ద్రాక్షరకంతోనే చేస్తారు. తెల్ల వైన్, తీపి దాదాపు ఉండదు, పులుపు మాత్రం నాలుకను లేపుతుంది. చల్లటి చోట పండిన కాయలో మాలిక్ ఆమ్లం, అంటే కాయకు పులుపునిచ్చేది, పూర్తిగా ఖర్చయిపోదు కాబట్టి ఆ పులుపు. ఇక్కడి నేలలో 15 కోట్ల ఏళ్ల నాటి బుల్లి ఆల్చిప్పల శిలాజాలు ఉన్నాయి, వైన్‌లో వాటి రుచి తగులుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ వేరు పీల్చేది నీళ్లనూ, అందులో కరిగిన కొద్దిపాటి అయాన్లనూ. రాయి రుచి అందులో ఎక్కదు. ఆ సున్నపు మట్టి నీటిని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది, దాని ఉపకారం అంతవరకే.

నాకు ఆసక్తి ఉన్నది ఏప్రిల్ రాత్రుల మీద.

చలికాలంలో ముడుచుకున్న మొగ్గ మైనస్ 15 డిగ్రీలు కూడా ఓర్చుకుంటుంది. అదే మొగ్గ విచ్చుకున్నాక, నీళ్లు నిండిన లేత కణజాలం మైనస్ 2 దగ్గరే చచ్చిపోతుంది. మబ్బులేని, గాలిలేని రాత్రి అసలు ప్రమాదం. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఏ వస్తువైనా పరారుణ కిరణాల రూపంలో చదరపు మీటరుకు 315 వాట్ల దాకా వేడిని పైకి వదులుతుంది. నిర్మలమైన ఆకాశం తిరిగి ఇచ్చేది సుమారు 230. లెక్కలో తేడా 85 వాట్లు, ఆ లోటు చిగురే భరించాలి. అందుకే చిగురు తన చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మబ్బు పడితే ఆకాశం ఇచ్చేది పెరిగి, లోటు తగ్గిపోతుంది.

ఫ్రెంచి రైతులు ఈ నేరాన్ని చాలాకాలం చంద్రుడి మీద వేశారు. ఈస్టర్ తర్వాత వచ్చే చంద్రుడిని 'ఎర్ర చంద్రుడు' అంటారు, ఆ వెన్నెల తగిలితే చిగుళ్లు ఎర్రగా మాడిపోతాయని నమ్మకం. పద్దెనిమిదో లూయీ రాజు ఈ సంగతేమిటని లాప్లాస్‌నే అడిగాడనీ, అంతటి గణితవేత్తకూ జవాబు తోచలేదనీ అరాగో అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. విలియం వెల్స్ అనే వైద్యుడు 1814లో మంచుబిందువుల మీద ప్రచురించిన ప్రయోగాల్లో అరాగోకు జవాబు దొరికింది. చంద్రుడు కనిపించాడంటే ఆకాశం నిర్మలంగా ఉందన్నమాట, చంపేది ఆ నిర్మలత్వం. చంద్రుడు అక్కడున్న సాక్షి మాత్రమే. రైతులు చూసింది నిజమే, కారణం దగ్గర పొరబడ్డారు. మూఢనమ్మకాలను వెక్కిరించే ముందు ఇలా విడదీసి చూడటం మనకూ అలవాటైతే బాగుండును.

పొగ కథ కూడా ఇలాంటిదే. తడిగడ్డి కాల్చి తోటంతా పొగ కమ్మిస్తే వేడి పైకి పోదనుకునేవారు. ఆ పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఉంటుంది, పొగ కణాలు చాలావరకు ఒక మైక్రాన్‌కన్నా చిన్నవి. కిరణాలు వాటిని పట్టించుకోకుండా దాటిపోతాయి. ఇప్పుడు వరసల మధ్య వెలిగించే పారాఫిన్ మైనపు బకెట్లు పొగతో పని చేయవు, నేరుగా గాలిని వేడిచేస్తాయి. ఖర్చు మాత్రం మామూలుగా ఉండదు.

ఇక నీళ్లు. చిగుళ్లు గడ్డకడతాయన్న భయంతో వాటి మీద నీళ్లు చల్లడం ఏమిటి? నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి అనుకుంటారు చాలామంది. 10 డిగ్రీల నీళ్లు కిలో తీసుకుంటే, సున్నాకు దిగేలోపు ఇచ్చే వేడి 42 కిలోజౌళ్లు. అవే నీళ్లు సున్నా దగ్గర మంచుగా మారుతూ ఇచ్చే వేడి 334 కిలోజౌళ్లు, అంటే ఎనిమిది రెట్లు. ఇదే గుప్తోష్ణం. బడిలో దీన్ని మంచు కరగడం వైపునుంచే చెబుతారు, లెక్కలు చేయించి మార్కులు వేస్తారు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఆ వేడంతా బయటికి రావాలి కదా అనే రెండో సగాన్ని పిల్లలు మనసుకు ఎక్కించుకోకుండానే పాసైపోతారు.

గంటకు 3 మిల్లీమీటర్ల వాన చొప్పున చల్లారనుకోండి. చదరపు మీటరుకు గంటకు 3 కిలోల నీళ్లు, అంతా గడ్డకడితే 1,002 కిలోజౌళ్లు, అంటే సుమారు 278 వాట్లు. లోటు 85 మాత్రమే అయినప్పుడు ఇంత దేనికి? కొన్ని నీళ్లు నేలపాలవుతాయి, కొంత వేడిని గాలి ఎత్తుకుపోతుంది. చిగురును కప్పిన మంచుగడ్డ మీద తడిపొర ఉన్నంతసేపూ, అంటే కొంత నీరు గడ్డకడుతూ కొంత ఇంకా నీరుగానే ఉన్నంతసేపూ, దాని ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలబడిపోతుంది. బయట మైనస్ 5 ఉన్నా సరే. చిగురు చావుకు మైనస్ 2 కావాలి. ఆ రెండు డిగ్రీల సందులోనే పంటంతా బతుకుతుంది. చిగురును కాపాడేది మంచుగడ్డ కాదు, మంచు కట్టడమనే పని. అందుకే ఆ పని ఆగకూడదు. స్ప్రింక్లరు తల నిమిషంలోపే ఒక చుట్టు తిరిగి రావాలి.

మధ్యలో మోటారు ఆగితే? మన మట్టికుండ నీళ్లను చల్లబరిచే పద్ధతి గుర్తుచేసుకోండి. కుండ గోడల్లోంచి ఊరిన నీళ్లు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతాయి. నీళ్లు ఆగిన తీగ మీద జరిగేది అచ్చం అదే. కిలో నీళ్లు ఆవిరైతే పోయే వేడి సుమారు 2,500 కిలోజౌళ్లు, అంటే ఆ ఒక్క కిలో నష్టాన్ని పూడ్చడానికి ఏడున్నర కిలోల నీళ్లు గడ్డకట్టాలి. సరఫరా ఆగిందా, తడిసిన చిగురు పొడి చిగురుకన్నా చల్లబడుతుంది. అసలు నీళ్లు చల్లకపోయి ఉంటేనే నయం అనిపించే పరిస్థితి.

మొదలుపెట్టడంలోనూ ఇదే చిక్కు. థర్మామీటరు 1 డిగ్రీ చూపిస్తోంది, గాలిలో తేమ 50 శాతం. ఇంకా టైముందని రైతు నిమ్మళంగా ఉండొచ్చు. కానీ ఆ గాలిలో తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు మైనస్ 2 చూపిస్తుంది. అప్పటిదాకా ఆగితే, మొదటి జల్లు పడగానే చిగురు నేరుగా చావు గీత దగ్గరికి పోతుంది. కాబట్టి చూడాల్సింది తడి థర్మామీటరునే. ఉదయం ఆపేటప్పుడు కూడా ఎండ వచ్చిందని ఆపరు, మంచు కరిగి ఊడిపోయేదాకా చల్లుతూనే ఉంటారు. మంచు రంగును బట్టి కూడా చెప్పొచ్చు. గడ్డ పారదర్శకంగా ఉండి కొసల నుంచి చుక్కలు కారుతుంటే నీళ్లు సరిపోయినట్టు. పాలలా తెల్లబడితే గాలి బుడగలు చిక్కుకుని, ఉన్న నీళ్లన్నీ గబగబా గడ్డకట్టేసినట్టు. తడిపొర మిగల్లేదన్నమాట.

ద్రాక్ష వేర్లను పీల్చి చంపే ఫిలాక్సెరా పురుగు, యుద్ధాలు, వరసపెట్టి వచ్చిన మంచు దెబ్బలు కలిసి 1950ల నాటికి షాబ్లీ తోటలను 500 హెక్టార్లకు కుదించాయి. ఇప్పుడు అవి 5,000 దాటాయి. ఏప్రిల్ రాత్రులను గట్టెక్కడం నేర్చుకోకపోతే ఈ లెక్క మారేది కాదు. అలాగని అన్ని తోటలకూ పైపులు లేవు. హెక్టారుకు గంటకు 30,000 లీటర్లు కావాలి మరి. బెయిన్ అనే ఊరి దగ్గర ఇందుకోసమే ఒక చెరువు కట్టుకున్నారు.

భూమి వేడెక్కుతోంది కదా, ఈ బెడద తగ్గాలి అనిపిస్తుంది. తగ్గలేదు. 2021 మార్చి చివర్లో ఫ్రాన్స్‌లో ఎండలు మండి మొగ్గలు తొందరపడి విచ్చుకున్నాయి, ఏప్రిల్ మొదటి వారం దాటుతుండగా చలి వచ్చి వాటిని మాడ్చేసింది. దీనికి రైతులు చేస్తున్న పనుల్లో ఒకటి, కత్తిరింపులను ఆలస్యం చేయడం. కత్తిరించని కొమ్మకు కొస మొగ్గలు ముందు విచ్చుకుని, హార్మోన్ల ద్వారా కొమ్మ మొదలు దగ్గరి మొగ్గలను అణిచిపెడతాయి. మంచు పడితే పోయేది ఆ కొసలే, వాటిని ఎలాగూ నరికేయాలి. దీనికి నీళ్లూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. కాకపోతే ఊళ్లో అందరికీ ఒకే వారంలో కూలీలు కావాలి, వాళ్లు దొరకరు.