మాన్సా జిల్లా గురించి మనవాళ్ళ అపోహలు - పత్తి విత్తనాల పనిలో తిరిగి నేను తెలుసుకున్న వాస్తవాలు

మాది గద్వాల వైపు, మా ఊళ్ళల్లో సీడ్ పత్తి వేస్తారు. ఆడవాళ్ళు ఒక్కో పువ్వు దగ్గర వంగి చేత్తో క్రాసింగ్ చేస్తే తయారయ్యే హైబ్రిడ్ విత్తనం పంజాబ్ దాకా పోతుంది, ఆ విత్తనం వెనకాలే నేనూ పోయి మాన్సా జిల్లాలో ఎనిమిది సీజన్లు ఫీల్డ్ పని చేశా. ఇంటికొస్తే చాలు, పంజాబ్ రైతులకేం తక్కువ, నీళ్ళే నీళ్ళు, అందరూ కోటీశ్వరులే కదా అంటారు. ప్రతిసారీ చెప్పీ చెప్పీ ఇక రాసేద్దామనిపించింది.

అపోహ: ఐదు నదుల రాష్ట్రం, నీళ్ళకి కొదవుండదు.

వాస్తవం: ఆ ఐదు నదుల్లో ఒక్కటి కూడా మాన్సా జిల్లాలోంచి పోదు. ఇది మాల్వా, అంటే సట్లెజ్‌కి దక్షిణాన ఉండే ప్రాంతం, పక్కనే హర్యానా, ఇంకాస్త ముందుకెళ్తే రాజస్థాన్ ఇసుక. సర్దూల్‌గఢ్ వైపు ఘగ్గర్ అని ఒక నది ఉంది గానీ అది వానాకాలం నది, మిగతా రోజుల్లో పేరుకే. వచ్చినప్పుడు మాత్రం 2023 జులైలో లాగా గట్లు తెంచుకుని ఊళ్ళ మీదికి వస్తుంది. వాన మన అనంతపురం కంటే కూడా తక్కువ. చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పంటకి పెడితే భూమి చౌడైపోతుంది. అక్కడి పెద్దవాళ్ళని కదిలిస్తే ఒకప్పుడు ఇక్కడన్నీ టిబ్బేలు, అంటే ఇసుక దిబ్బలు, వాటిని చదును చేసి పొలాలు చేసుకున్నామని చెప్తారు.

మరి పచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే కాలవల నుంచి. రోపడ్ దగ్గర సట్లెజ్ మీద కట్టిన సర్‌హింద్ కాలవ 1882లో మొదలైంది, స్వాతంత్ర్యం తర్వాత అదే నది మీద కట్టిన భాక్రా డ్యాం నీళ్ళు తోడయ్యాయి. ఆ నీళ్ళు కూడా ఇష్టమొచ్చినప్పుడు పెట్టుకోడానికి లేదు, వారాబందీ ఉంటుంది, వారంలో ఒకసారి ఎకరానికి ఇన్ని నిమిషాలని లెక్కకట్టి వంతు ఇస్తారు, ఆ వంతు అర్ధరాత్రి రెండింటికి వచ్చినా జనవరి చలిలో పారలు పట్టుకుని వెళ్ళాల్సిందే. కాలవ చివరి ఊళ్ళ గోల మన ఆయకట్టు చివరి రైతుల గోలే, ఏమీ తేడా లేదు.

అపోహ: అక్కడ అందరూ జమీందార్లే.

వాస్తవం: ఈ అపోహ మాట దగ్గరే మొదలవుతుంది. మాల్వాలో మూడెకరాల రైతు కూడా తనని జిమీందార్ అనే చెప్పుకుంటాడు, సొంత భూమి దున్నుకునేవాడు అని అర్థం, అంతే. మనం జమీందార్ అనుకునే మనిషిని వాళ్ళు బిస్వేదార్ అనేవాళ్ళు. ఈ జిల్లాలో ఎక్కువ భాగం పటియాలా సంస్థానం కింద ఉండేది, బిస్వేదార్ల కింద కౌలుదార్లు, వాళ్ళని ముజారాలు అంటారు, పంటలో వాటా ఇవ్వం, భూమి మాదే అని తిరగబడ్డారు. 1949 మార్చి 19న కిషన్‌గఢ్ అనే ఊరి మీదికి సైన్యం వచ్చింది. అదే సమయంలో మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తోంది, అక్కడ పటియాలా, ఇక్కడ నిజాం, రెండూ అంతకు కొద్దికాలం ముందు దాకా సంస్థానాలే. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఆ ఊరు వెళ్ళి చూసొచ్చా. 1950ల్లో వచ్చిన చట్టాలతో ముజారాలకి భూమి హక్కులు దక్కాయి. ఇంకో ముచ్చట, పటియాలా, దాని చుట్టుపక్కల సంస్థానాలు కలిపి చేసిన పెప్సు రాష్ట్రం పంజాబ్‌లో కలిసింది 1956 నవంబర్ 1న, మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజే. మాన్సా మాత్రం భటిండా నుంచి విడిపోయి జిల్లా అయింది 1992 ఏప్రిల్ 13న.

అయితే ఆ పోరాటంతో అందరికీ భూమి రాలేదు. 2011 లెక్కల్లో పంజాబ్ జనాభాలో దళితులు దాదాపు 32 శాతం, దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంత లేరు, వాళ్ళ చేతిలో భూమి మాత్రం చాలా తక్కువ. సీరీ అని ఉంటాడు, మన పాలేరు లాంటివాడు. పత్తి ఏరేది కూడా ఆ ఇళ్ళ ఆడవాళ్ళే, కాబట్టి పత్తి పోయిన ఏడాది వాళ్ళ కూలీ కూడా పోతుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

అపోహ: బీటీ విత్తనం వేస్తే ఏ పురుగూ రాదు, పంట పోయిందంటే విత్తనం నకిలీ.

వాస్తవం: ఇది నా పని కాబట్టి కాస్త గట్టిగానే చెప్తా. బీటీ అనేది పత్తిలోకి ఎక్కించిన ఒక బ్యాక్టీరియా జన్యువు, అది కాయతొలిచే పురుగుల కోసం. తెల్లదోమ రసం పీల్చేది, దానికి బీటీ ఏమీ చెయ్యదు. ఉత్తరాదిలో ఆ తెల్లదోమే ఆకుముడత వైరస్‌ని మోసుకొస్తుంది, మన వైపు ఆ వైరస్ బెడద లేదు, అందుకని ఇక్కడ బాగా కాసిన హైబ్రిడ్ అక్కడ ముడుచుకుపోవచ్చు. దక్షిణాదికి బీటీ పత్తి 2002లో, ఉత్తరాదికి 2005లో వచ్చింది. మొదట్లో దిగుబడి బాగా పెరిగింది, నిజం. 2015లో తెల్లదోమ చేలకి చేలు తినేసింది, 2021లో గులాబీ రంగు పురుగు, అది కాయతొలిచేదే అయినా బీటీకి కూడా అలవాటు పడిపోయింది. నకిలీ విత్తనాలు లేవని అనట్లేదు, ఉన్నాయి, కానీ మంచి విత్తనం వేసిన చేను కూడా పోయింది, అది నా కళ్ళతో చూశా. జిన్నింగ్ మిల్లుల దగ్గర కుప్పపోసిన పాత పత్తి గింజల్లోంచి, చేల గట్ల మీద పేర్చిన కట్టెల్లోంచి ఆ పురుగు మళ్ళీ లేస్తుంది, అవి శుభ్రం చెయ్యకుండా ఎన్ని మందులు కొట్టినా డబ్బు దండగ.

అపోహ: పంజాబీలు అన్నం తింటారు కాబట్టే అంత వరి వేస్తారు.

వాస్తవం: ఇంట్లో రొట్టే. బియ్యం అమ్మడానికి. 1960-61లో పంజాబ్ మొత్తం మీద వరి 2.27 లక్షల హెక్టార్లు, ఇప్పుడు 30 లక్షలు దాటింది. మద్దతు ధరకి గ్యారంటీగా కొంటారు, 1997 నుంచి వ్యవసాయానికి కరెంటు ఫ్రీ, మరి పత్తిలో మూడేళ్ళకోసారి మునిగేవాడు వరి వైపు పోకుండా ఉంటాడా. ఒక రైతు నాతో అన్నాడు, బాయీ, పత్తి నా భూమికి మంచిది, వరి నా అప్పుకి మంచిది అని. రాష్ట్రం మొత్తం మీద భూమిలోకి ఇంకే నీటికి ఒకటిన్నర రెట్లకి పైగా తోడేస్తున్నారు.

అపోహ: బద్ధకంతో వరి కొయ్యలు తగలబెడతారు.

వాస్తవం: భూగర్భ జలాలు కాపాడాలని 2009లో చట్టం తెచ్చి నాట్లు జూన్ పదో తేదీ దాకా ఆపారు. నాటు వెనక్కి పోతే కోత కూడా వెనక్కి పోతుంది, నవంబర్‌లో గోధుమ వెయ్యాలి, మధ్యలో మిగిలేది రెండు మూడు వారాలు, హార్వెస్టర్ కోశాక నిలబడ్డ కొయ్యల్ని ఆ టైంలో తియ్యాలంటే మిషన్ కావాలి, డీజిల్ కావాలి, చిన్న రైతు దగ్గర అవి లేవు. పత్తి వేసినవాడికి ఈ సమస్యే రాదు, ఛిటీలు అంటారు పత్తి కట్టెల్ని, మోపులు కట్టి ఇంటికి తెచ్చుకుంటారు, ఏడాది పొడుగునా పొయ్యిలోకి అవే. 2024కి వచ్చేసరికి పంజాబ్‌లో పత్తి దాదాపు లక్ష హెక్టార్లకి పడిపోయింది, ఒకప్పుడు ఏడు లక్షల దాకా ఉండేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రతి గడపలో కనపడ్డ ఛిటీల మోపులు పోయిన సీజన్లో కొన్ని ఊళ్ళల్లో వెతికితే గానీ దొరకలేదు.