పాళెము వెలుపలికి వెళ్ళే యాజకుడు

ప్రియమైన మనవలకు, మనవరాళ్ళకు,

ప్రభువు నామంలో శుభములు. లేవీయకాండము 13వ అధ్యాయం దగ్గర మీ చదువు ఆగిపోయిందనీ, వాపులూ మచ్చలూ తప్ప అందులో దేవుడు చెప్పేదేముందని అడుగుతున్నారనీ మీ అమ్మ రాసింది. అడగవలసిన ప్రశ్నే అడిగారు.

మన బైబిలు కుష్ఠు అని చెప్పేదీ, ఈనాడు వైద్యులు కుష్ఠువ్యాధి అనేదీ ఒకటి కావు. ఆ కుష్ఠు పొడ, అంటే మచ్చ, బట్టల పడుగులోనూ పేకలోనూ, తోలు వస్తువుల మీదా, చివరికి ఇంటి గోడల మీద కూడా కనబడుతుందని ఆ అధ్యాయాలే చెబుతున్నాయి. నేటి కుష్ఠువ్యాధి 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించిన సూక్ష్మజీవివల్ల వచ్చేది, మందులతో నయమయ్యేది. ఈ వచనాలు చూపించి ఆ రోగులను శాపగ్రస్తులనడం వారికీ వాక్యానికీ కూడా అన్యాయమే.

ఈ చట్టం ప్రకారం ఆ పొడను పరీక్షించేవాడు యాజకుడు, అంటే దేవుని గుడారంలో బలులు అర్పించే సేవకుడు. అతడు వైద్యుడు కాడు. మచ్చమీది వెంట్రుకలు తెల్లబడ్డాయా, మచ్చ చర్మంకన్న పల్లంగా ఉందా అని చూస్తాడు. సందేహముంటే ఏడు రోజులు ప్రత్యేకంగా ఉంచి మళ్ళీ చూస్తాడు. మందు మాత్రం ఇవ్వడు. అంటురోగాల భయంతోనే ఈ చట్టం పుట్టిందని కొందరంటారు గాని, నాకది సరిపోయినట్టు అనిపించదు. ఒళ్ళంతా తెల్లబారినవాణ్ణి పవిత్రుడనమంటుంది చట్టం. గోడమీద పొడ కనబడితే, యాజకుడు వచ్చి చూడకముందే సామాను బయట పెట్టించి, అది అపవిత్రం కాకుండా కాపాడుకోమంటుంది. తరువాతి కాలపు యూదు బోధకులైతే, పెళ్ళికొడుకు ఒంటిమీద మచ్చ కనబడితే ఏడు రోజుల విందు ముగిసేదాకా పరీక్ష ఆపమని మిష్నా అనే తమ ధర్మబోధల గ్రంథంలో రాసిపెట్టారు. అంటువ్యాధికి జడిసేవాళ్ళు అలా రాస్తారా?

మరి అసలు సంగతేమిటంటే, మరణం. అపవిత్రుడని తేలినవాడు బట్టలు చింపుకొని, తల విరబోసుకొని, పైపెదవి కప్పుకోవాలి. ఇవి చావు ఇంట దుఃఖించేవారి గుర్తులు. మోషే అక్క మిర్యాముకు ఆ పొడ వచ్చినప్పుడు వారి సోదరుడు, ప్రధాన యాజకుడు అయిన అహరోను, ఆమెను చచ్చిన శిశువువలె ఉండనియ్యవద్దని మోషేను బతిమాలాడు. జీవముగల దేవుడు పాళెము, అంటే ఇశ్రాయేలీయుల విడిది, నడుమ నివసిస్తున్నాడు గనుక, మరణాన్ని తలపించేది ఆయన గుడారానికి ఎడంగా, పాళెము వెలుపల ఉండాలి. అంతేగాని, మచ్చ వచ్చిన ప్రతివాడూ పాపం చేశాడని ఆ చట్టం ఎక్కడా అనదు. మిర్యాము, ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీ, యూదా రాజు ఉజ్జియా తమ తప్పువల్ల ఆ స్థితికి వచ్చినమాట నిజమే. కాని సిరియా సేనాధిపతి నయమాను విషయంలో అలాంటి మాటే లేదు. యాజకుడు చూడవలసింది చర్మాన్ని, మనిషి గతాన్ని కాదు. పైగా మిర్యాము వెలుపల ఉన్న ఏడు రోజులూ ప్రజలు ప్రయాణం సాగించకుండా ఆమె కోసం ఆగారు.

మీరు 13 దగ్గరే ఆగకుండా 14లోకి వెళ్ళండి, అసలు సంపద అక్కడుంది. బాగుపడినవాడి దగ్గరికి యాజకుడే పాళెము వెలుపలికి వెళ్ళాలి. రెండు పక్షుల్లో ఒకదాన్ని పారే నీటిపైన మట్టిపాత్రలో చంపి, రెండోదాన్ని దేవదారు కర్ర, ఎర్రనూలు, హిస్సోపు అనే చిన్న మొక్కతోపాటు ఆ రక్తంలో ముంచి, అతనిమీద ఏడుసార్లు ప్రోక్షించి, బతికున్న పక్షిని పొలంలో వదిలేస్తాడు. ఎనిమిదో రోజున అతని కుడిచెవి కొనమీద, కుడిచేతి బొటనవేలిమీద, కుడికాలి బొటనవేలిమీద బలిరక్తం పూసి, దానిపైన నూనె పూస్తాడు. అహరోనునూ అతని కుమారులనూ యాజకులుగా ప్రతిష్ఠించినప్పుడు మోషే రక్తం పూసింది సరిగ్గా ఈ మూడు చోట్లనే. 8వ అధ్యాయం తీసి చూడండి. నిన్నటిదాకా వెలుపల ఉన్నవాడికి యాజకులకు జరిగిన మర్యాద! బీదవాడు మూడు గొర్రెపిల్లలకు బదులు ఒక గొర్రెపిల్లనూ రెండు గువ్వలనూ తెస్తే చాలు, కాని ఆ రక్తంలోనూ నూనెలోనూ అతనికి తగ్గింపు లేదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠురోగిని ముట్టి బాగుచేశాక, ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టకుండా, యాజకునికి కనబడి మోషే నియమించిన కానుకలు అర్పించమని పంపాడు. ఆ మనిషి విషయమంతా చాటడంతో, ఊళ్ళలోకి బహిరంగంగా రాలేక వెలుపల ఉండవలసి వచ్చింది యేసుకే.

ఇక సంఖ్యాకాండము 19 చదవండి. శవాన్ని ముట్టినవారి శుద్ధిలో కూడా దేవదారు, హిస్సోపు, ఎర్రనూలు కనబడతాయి. ఎందుకో మీలో మీరు చర్చించుకొని నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య