రంభ రేవులో లైఫ్ జాకెట్ వెనక కథ

ఒడిశాలో చిలిక సరస్సు ఒడ్డున ఉన్న రంభ రేవులో బోటు ఎక్కుతుంటే బోటతను నారింజ రంగు జాకెట్ అందించాడు. "మెడలో వేసుకోండమ్మా, దిగేటప్పుడు ఇచ్చేయండి" అన్నాడు. ఇంట్లో తెలుగు, రేవులో ఒడియా మాట్లాడే మనిషి. జాకెట్ నడుము బెల్టుకి బకిల్ లేదు, కొబ్బరితాడుతో ముడేశారు. లోపలి ఫోమ్‌ని బొటనవేలితో నొక్కితే గుంట పడింది, మళ్లీ లేవలేదు. ఇలాంటిది తొడుక్కుని నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారిపోతాడు.

చిలికలో మునిగిపోవడం కొత్త సంగతి కాదు. అత్తవారింటికి వెళుతూ గాలివానలో నావ తిరగబడి పోయిన పెళ్లికూతురు జాయినే ఇక్కడివాళ్లు కాళీజాయి అమ్మవారిగా కొలుస్తారు. సంక్రాంతికి ఆ దీవికి జనం నావల మీదే వెళతారు. నీటి భయం ఇంత పాతదైనా, నీటి మీద చట్టం మాత్రం వేరే పనుల కోసం పుట్టింది.

రంభ ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. మద్రాసు ప్రభుత్వం 1890లో కాలువలకీ రేవులకీ ఒక చట్టం చేసింది. అందులో రేవు హక్కులు, సుంకం లెక్కలే పెద్ద సంగతి. 1917లో దేశమంతటికీ వచ్చిన చట్టం ఆవిరి పడవల కోసం. తర్వాత మిగతా ఇంజన్ పడవలూ అందులోకి వచ్చాయి. తెడ్డు వేసే నావ మాత్రం దాని లెక్కలోకి రాలేదు. షికారుకొచ్చి ఒక గంట నీటి మీద తిరిగి వెళ్లే కుటుంబం ఈ చట్టాలు రాసినవాళ్ల ఊహలోనే లేదు.

ఒడిశాకి సొంతంగా 2004లో బోట్ రూల్స్ వచ్చాయి. ఆ తర్వాత పదేళ్లకి, 2014 ఫిబ్రవరి 9న, హీరాకుడ్ జలాశయంలో పిక్నిక్ నుంచి తిరిగొస్తున్న బోటు మునిగింది. వందమందికి పైగా ఎక్కారు, ముప్పైమందికి పైగా పోయారు. రూల్స్ లేక కాదు, ఎక్కేటప్పుడు తల లెక్కపెట్టే మనిషి లేక జరిగిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. 2017లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బోటు భద్రతకి మార్గదర్శకాలు ఇచ్చింది. రెండేళ్లకే, 2019 సెప్టెంబర్ 15న, పాపికొండలు చూడ్డానికి 77 మందితో వెళ్లిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. 26 మందే బయటపడ్డారు. ఆ వారమంతా బరంపురంలో మా వాళ్లందరికీ అదే టెన్షన్. రాజమండ్రి వైపు చుట్టాలు లేని ఇల్లు మా వీధిలో లేదు.

1917 చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఇంజన్ లేని పడవలకీ అందులో ఒక అధ్యాయం ఉంది. వాటి నమోదు పని స్థానిక సంస్థల దాకా దింపారు. నాకు దీన్లో నచ్చింది ఇదే. రంభలో ఏ బోటు ఎవరిదో, దాని అడుగు చెక్క ఎప్పుడు మార్చారో భువనేశ్వర్‌లో కూర్చున్న అధికారికంటే పక్క వీధివాళ్లకే బాగా తెలుసు.

మంచి జాకెట్ కొనడం బోటతనికి భారమే, కాదనను. కానీ స్పృహ తప్పినా ముఖం పైకి తిప్పి ఉంచేదే లైఫ్ జాకెట్. ఒంటికి బిగిసి ఉంటేనే అది పని చేస్తుంది.

ఆ రోజు నేనడిగితే బోటతను పలక కింద నుంచి బకిల్ ఉన్నది వెతికి ఇచ్చాడు. పిల్లల సైజు మాత్రం ఒక్కటీ లేదు. పక్కనున్న మూడేళ్ల పాపకి పెద్దవాళ్లదే తొడిగారు. చేతులు పైకెత్తగానే జాకెట్ తల మీదుగా ఊడి వచ్చేసింది. వాళ్లమ్మ దాన్ని ఒకసారి చూసి, పాపని చంకనేసుకుని బోటు దిగిపోయింది.