రోదసికి ఆలస్యంగా చేరిన గ్యారు అమ్మాయిలు

2025 జులైలో జపాన్ టీవీలోనూ యూట్యూబ్‌లోనూ మొదలైన 'మిల్కీ సబ్‌వే' అనే యానిమే (జపాన్ యానిమేషన్) సిరీస్‌లో ఒక్కో భాగం మూడున్నర నిమిషాలే. 12 భాగాలూ కలిపినా ముప్పావుగంటకు మించదు. చిహారు, మకినా అనే ఇద్దరు స్నేహితురాళ్లు రోదసి రహదారిలో దూకుడుగా బండి నడిపి పోలీసులకు చిక్కుతారు. శిక్షగా ఒక రైలును శుభ్రం చేసే పని పడుతుంది. తీరా పని మొదలుపెట్టాక రైలు దానంతటది బయల్దేరి నక్షత్రాల్లోకి దూసుకుపోతుంది. ఒకమ్మాయి శరీరాన్ని దిట్టం చేయించుకున్న మనిషి, రెండో అమ్మాయి సైబోర్గ్, అంటే సగం యంత్రమైన మనిషి. మాట తీరు మాత్రం ఇద్దరిదీ టోక్యోలోని షిబుయా వీధుల్లో తిరిగే గ్యారు అమ్మాయిలదే. రంగేసిన జుట్టు, కురచ స్కర్టులతో ఎవరినీ లెక్కచేయకుండా తిరిగే ఫ్యాషన్ అమ్మాయిలను గ్యారు అంటారు. దర్శకుడు యోహెయ్ కమెయామా 2022లో చదువు ముగింపు ప్రాజెక్టుగా తీసిన 'మిల్కీ హైవే' అనే చిన్న చిత్రమే దీనికి మూలం.

దీన్ని చూసినవాళ్లు 'అచ్చం ఎనభైల నాటి యానిమేలా ఉంది' అంటారు. ఆ మాటలో సగమే నిజం. బండ్లు, రంగులు, పాటలు ఆనాటివే. కానీ ఎనభైల యానిమేలో రోదసికి వెళ్లిన గ్యారు జట్టు లేదు. ఆ సంస్కృతి ఊపందుకున్నది తొంభైల నడుమ. అప్పుడు కూడా ఆ అమ్మాయిలను రోదసి నౌక ఎక్కించినవాళ్లు లేరు. ఈ రెండూ కలవడానికి ఇంత కాలం పట్టడానికి అభిరుచి ఒక కారణమైతే, రంగు డబ్బాల లెక్క ఇంకో కారణం. ఆ రెండో కారణాన్ని చాలామంది పట్టించుకోరు.

ముందు రోదసి సంగతి. 1977లో 'యమాటో' సినిమా, 1978లో జపాన్‌లో విడుదలైన 'స్టార్ వార్స్', 1979లో 'గుండమ్'. ఈ మూడేళ్లలో అంతరిక్ష కథలకు పెద్ద గిరాకీ వచ్చింది. సరిగ్గా ఆ 1979లోనే హరుకా తకచిహో అనే రచయిత 'ఎస్.ఎఫ్. మ్యాగజైన్'లో కెయి, యూరి అనే ఇద్దరు అమ్మాయిల కథ రాశాడు. డబ్ల్యూ.డబ్ల్యూ.డబ్ల్యూ.ఎ. అనే సంస్థ తరఫున గ్రహాల మధ్య తిరుగుతూ చిక్కుముళ్లు విప్పే పరిశోధకురాళ్లు వాళ్లు. కేసు తేలుతుంది గానీ, తేలేలోపు ఊరో గ్రహమో పేలిపోతుంది. వాళ్ల అధికారిక పేరు 'లవ్లీ ఏంజెల్స్', జనం పిలిచేది 'డర్టీ పెయిర్'. ఆ కథ 1980లో జపాన్ సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే సెయిఉన్ పురస్కారం అందుకుంది.

ఈ జంటకు మూలం సినిమాల్లో కాదు, కుస్తీ బరిలో ఉంది. జాకీ సాటో, మాకి ఉయెదా అనే మహిళా కుస్తీ యోధురాళ్లు 1976లో 'బ్యూటీ పెయిర్' పేరుతో జంటకట్టారు. బరిలో కుస్తీ పట్టేవాళ్లు, అక్కడే పాట పాడేవాళ్లు. వాళ్లను చూసి కేకలు పెట్టినవాళ్లలో ఎక్కువమంది బడి వయసు ఆడపిల్లలు. తకచిహో ఆ పేరునే తిరగేసి పెట్టుకున్నాడు. కుస్తీ జంట గుణం కెయి, యూరిల్లో అలాగే ఉంది: ఒకరు ముందుకు దూకితే మరొకరు వెనక కాస్తారు, ఇద్దరూ క్షణం తీరిక లేకుండా పోట్లాడుకుంటారు, మూడో మనిషి వేలెత్తి చూపిస్తే ఇద్దరూ ఒకటవుతారు. ఆ తర్వాత వచ్చిన చాలా రోదసి జంటల్లో ఈ స్వభావమే కనిపిస్తుంది.

1985 జులైలో సన్‌రైజ్ స్టూడియో 'డర్టీ పెయిర్'ను టీవీకి తెచ్చింది. మెయికో నకహరా పాడిన 'రష్యన్ రూలెట్' దానికి ప్రారంభ గీతం. ఆనాటి డిస్కో ఊపు, నగర రాత్రుల మెరుపు ఆ పాటలో వినిపిస్తాయి. అదే ఏడాది సెప్టెంబరులో డాలరు విలువ తగ్గించడానికి ఐదు దేశాల మధ్య ప్లాజా ఒప్పందం కుదిరింది. యెన్ విలువ పెరిగింది, ఆ వెనకే జపాన్‌లో డబ్బు పొంగిన 'బబుల్' కాలం వచ్చింది. వీడియో క్యాసెట్ల కోసమే తీసే యానిమేలు 1983 చివరి నుంచీ ఉన్నాయి. ఆడవాళ్లే సిబ్బందిగా ఉన్న నౌకలు, కవచాలు తొడిగిన అమ్మాయిల దళాలు 1986, 87లలో వరసగా ఆ క్యాసెట్లలోనే వచ్చాయి. వాళ్ల జుట్టు, భుజాలెత్తిన కోట్లు, పొట్టి బట్టలు అప్పటి టోక్యో డిస్కోలవి. గ్యారు ముద్ర వాటిలో వెతికినా దొరకదు.

ఇక్కడ సెల్ పని గురించి, అంటే పారదర్శక రేకుల మీద చేత్తో రంగులు నింపి బొమ్మలు కదిపే పాత పద్ధతి గురించి, కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇప్పుడు మనం 'రెట్రో' అంటున్న ప్రతి గుర్తూ ఆ పని పద్ధతిలో పుట్టిందే.

కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మను ట్రేస్ యంత్రంలో పెడతారు. బొమ్మకూ పారదర్శక సెల్ రేకుకూ మధ్య కార్బన్ కాగితం ఉంటుంది. వేడి తగిలినప్పుడు పెన్సిల్ గీత ఉన్నచోట కార్బన్ కరిగి రేకుకు అంటుకుంటుంది. అందుకే ఆ గీత కాస్త గరుకుగా, అక్కడక్కడా తెగినట్టు ఉంటుంది. రంగు పెన్సిల్ గీతలు ఇలా అంటుకోవు. నీడ అంచులు, పెదవి గీత వంటివి మనిషి పెన్నుతో విడిగా గీయాల్సిందే. తర్వాత రేకును తిరగేసి, వెనక వైపు నుంచి రంగు నింపుతారు. ఒక రంగు ఆరితే తప్ప పక్క రంగు వేయలేరు. నేపథ్యం పోస్టర్ రంగులతో కాగితం మీద వేరుగా తయారవుతుంది. కెమెరా కింద సెల్‌లు నాలుగైదు పొరలు దాటితే అడుగు పొర రంగు మసకబారుతుంది. కాబట్టి అడుగున ఉండే పాత్రకు ముందే ఓ మెట్టు లేతరంగు ఎంచుకుంటారు. పైనుంచి గాజు పలక సరిగా అదమకపోతే పై సెల్ నీడ కింది దాని మీద పడుతుంది. పాత యానిమేలో పాత్ర చుట్టూ సన్నని నల్లటి అంచు కనిపిస్తే దానికి కారణం ఇదే.

నక్షత్రాలూ లేజర్ కిరణాలూ రంగుతో వచ్చినవి కావు. నల్ల కాగితానికి సన్నని రంధ్రాలు పొడిచి, కింది నుంచి బలమైన దీపం వెలిగించి, ముందుకు రంగు ఫిల్టర్ పెట్టేవారు. మొదట బొమ్మను మామూలుగా తీసి, ఫిల్మును అదే ఫ్రేమ్‌కు వెనక్కి తిప్పి, ఈ వెలుగును దాని మీదే రెండోసారి తీసేవారు. దీపపు వెలుగు నేరుగా ఫిల్ముకు తగులుతుంది కాబట్టి అంచులు వాటంతటవే పొంగి మెరుస్తాయి. ఫిల్ము వెనక్కి తిప్పడంలో ఒక్క ఫ్రేమ్ తప్పితే లేజర్ తుపాకీ కొన నుంచి కాక పక్క నుంచి పుడుతుంది. అప్పుడు ఆ షాట్ మొత్తం మళ్లీ తీయాలి.

ఇక లెక్క. సెకనుకు 24 ఫ్రేములు. టీవీలో సాధారణంగా ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపేవారు, అంటే సెకనుకు 8 బొమ్మలు. అరగంట కార్యక్రమానికి మూడు వేల నుంచి ఐదు వేల సెల్‌లు పట్టేవి. పాత్ర మీద ఒక్క రంగు పెరిగితే అది ఆ సెల్‌లన్నిటి మీదా పెరుగుతుంది. ఒక భాగంలో చేతులు కనిపించే సెల్‌లు 1,800 ఉన్నాయనుకుందాం. గోళ్లకు రంగు వేయడానికి సెల్‌కు ఒక్క నిమిషం పట్టినా 30 గంటల పని అదనం. మధ్యలో ఏ ఒక్క సెల్‌లో ఆ గోరు వదిలేసినా, తప్పు రంగు పడినా, తెర మీద అది తళుక్కున మిణుకుతుంది. స్టూడియోల్లో దీన్ని 'ఇరోపాకా' అంటారు. అందుకే ఎనభైల హీరోయిన్‌కు జుట్టు ఒకే ముద్దగా, రెండంటే రెండు ఛాయల్లో ఉంటుంది. బట్టలకు పూలుండవు, చారలుండవు. కెయి, యూరిల వెండిరంగు దుస్తులు ఎంత పొదుపైనవో ఈ లెక్కలోంచి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు గ్యారు వైపు రండి. షిబుయా 109 భవనం 1979లో తెరిచారు. తకచిహో కథ వచ్చిన ఏడాదే అది. అయితే హైస్కూలు అమ్మాయిలు గోధుమరంగు జుట్టు, కురచ చేసిన స్కర్టు, చీలమండల దగ్గర ముడతలు పడి వేలాడే లూజ్ సాక్స్‌తో ఆ వీధిని తమ సొంతం చేసుకున్నది తొంభైల తొలి సగంలో. సాక్స్ జారిపోకుండా పిక్కలకు రాసుకునే జిగురు కడ్డీలు కూడా దుకాణాల్లో దొరికేవి. 1995లో గ్యారు ఫ్యాషన్ పత్రిక 'ఎగ్' మొదలైంది, స్టిక్కర్ ఫొటోలు తీసే పురికురా యంత్రాలూ అదే ఏడాది వచ్చాయి. గాయని నమియె అమురో వేషాన్ని అనుకరించే అమ్మాయిలను 'అమురర్' అన్నారు. 1996లో ఆ ఏటి మాటల జాబితాలో అదీ చేరింది. దశాబ్దం చివరికి ముదురు గోధుమరంగు చర్మం, తెల్లని పెదవులు, వెండి జుట్టుతో 'గన్‌గురో' వేషం వచ్చింది.

ఆ వేషాన్ని సెల్ రేకు మీద ఊహించుకోండి. చర్మానికి రెండు ఛాయలు, కంటి చుట్టూ తెలుపు, పెదవికి ఇంకో తెలుపు, జుట్టులో పాయపాయకో రంగు, పది గోళ్లకు పది బొమ్మలు, సెల్‌ఫోనుకు వేలాడే తాళ్లు, చిరుతపులి మచ్చల స్కర్టు. ఆ మచ్చలను చేత్తో బొమ్మ బొమ్మకూ గీస్తే అవి చోటు మారుతూ చీమల్లా పాకుతాయి. రోదసి కథలోనేమో ఇప్పటికే నౌక, పేలుడు, వెనక దీపపు షాట్లు బడ్జెట్ తినేస్తున్నాయి. ఈ రెంటినీ ఒకే భాగంలో పెట్టడం ఆనాటి టీవీ నిర్మాతకు కలిసొచ్చే పని కాదు.

డబ్బు ఒక్కటే అడ్డమని కాదు. 1996 ప్రాంతంలో వార్తా మాధ్యమాలు గ్యారు అమ్మాయిలను సామాజిక సమస్యగానే చూపించాయి. 'డబ్బుకు డేటింగ్' కథనాలతో ఆ అమ్మాయిలందరినీ ఒకే గాటన కట్టాయి. అది వాళ్లకు జరిగిన పెద్ద అన్యాయం. యానిమే అభిమానుల్లో ఎక్కువమందికీ ఆ అమ్మాయిలు తమను ఎగతాళి చేసే అవతలి పక్షంగానే కనిపించారు. వాళ్ల పక్షాన నిలిచింది ఆడపిల్లల పత్రిక 'రిబోన్'. మిహోనా ఫుజియి గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) 'గల్స్!' అక్కడ 1998 చివరి నుంచి వచ్చింది. కథానాయిక రాన్ కొతొబుకి పోలీసు కుటుంబంలో పుట్టిన షిబుయా గ్యారు. అబద్ధం ఆడదు, స్నేహితురాలిని వదలదు. 2001లో అది 52 భాగాల టీవీ యానిమే అయింది. జపాన్ స్టూడియోలు సెల్ రేకు వదిలి కంప్యూటర్‌లో రంగులు నింపడానికి మారుతున్న కాలం అది. రంగు ఆరబెట్టే తీరిక అక్కర్లేనప్పుడే గ్యారు తెర మీదకు రావడం కేవలం కాకతాళీయం అనుకోలేం.

తర్వాత గ్యారు వెనకబడింది. 'ఎగ్' 2014లో ఆగిపోయి, 2018లో వెబ్‌లో తిరిగొచ్చింది. ఆ 2018లోనే మొదలైన 'మై డ్రెస్-అప్ డార్లింగ్' మాంగాలో మరీన్ అనే గ్యారు, బొమ్మలు చేసే కుర్రాడి పనిని మనసారా మెచ్చుకుంటుంది. 2022లో అది యానిమేగా వచ్చేసరికి పాత శత్రుత్వం పూర్తిగా కరిగిపోయింది. ఇప్పుడు జపాన్‌లో 'గ్యారు మైండ్' అంటే వేషం కాదు. ఇతరులు ఏమనుకుంటారో అని కుంగకపోవడం, పక్కవాళ్లను కుంగనీయకపోవడం. కెయి, యూరిల కుస్తీ జంట గుణానికి ఇది వేలు విడిచిన చుట్టమేమీ కాదు, రక్తసంబంధమే.

కమెయామా ఈ రెండు పాయలనూ త్రీడీలో కలిపాడు. త్రీడీలో లెక్క తలకిందులవుతుంది. గోరు మీద బొమ్మ ఒకసారి అతికిస్తే చాలు, ఎన్ని వేల ఫ్రేములైనా అది కదలదు, ఇరోపాకా రాదు. ఒకరిద్దరు మనుషులు రైలు పెట్టె నిండా వస్తువులు సర్దగలరు. పాత కాలపు గాలి కోసం 1978లో విడిపోయిన క్యాండీస్ బృందం పాట 'గింగాకెయి మదె తొందె ఇకె'ను వాడుకున్నాడు. పాట కొత్త తరానికి ఎంత నచ్చిందంటే, సిరీస్ చూడనివాళ్లు కూడా దానికి చిందేశారు.

ఈ దారిలో నడవాలనుకునే చిన్న బృందాలు పొరపాటు పడేది ఎక్కువగా ఫిల్టర్ల దగ్గర. ఫిల్మ్ రేణువు, అంటే పాత ఫిల్ము మీద కనిపించే సన్నని చుక్కల గరుకు, ప్రతి ఫ్రేమ్‌లో మారాలి. ఒకే రేణువు పొరను మొత్తం షాట్ మీద పరిస్తే మురికి అద్దంలోంచి చూసినట్టుంటుంది. మెరుపు అంచు దీపం, లేజర్, కిటికీలకే ఉండాలి. ముఖాలకూ పూస్తే అది వెనక దీపం షాట్ కాదు, ఉత్త మసక. రంగు పక్కకు కారడం, తెర అడుగున గీతలు వణకడం వీడియో టేపు లోపాలు, ఫిల్మువి కావు. రెండూ కలిపి వాడేవాళ్లు క్యాసెట్‌ను చూసి దాన్నే సినిమా అనుకుంటున్నారన్నమాట. పాత కెమెరా బల్ల మీద నిలువుగా అమర్చి ఉండేది, పాత్ర చుట్టూ తిరగలేదు. కాబట్టి త్రీడీ కెమెరాను గిరగిరా తిప్పిన మరుక్షణం ఎనభైల భ్రమ పోతుంది. పాత్రల కదలికను మాత్రం సెకనుకు 8 భంగిమలకు తగ్గించి, నేపథ్యం జరగడాన్ని 24 దగ్గరే ఉంచితే కన్ను నమ్ముతుంది.

అన్నిటికన్నా కష్టమైనది మాట. జపాన్‌లో మామూలుగా బొమ్మ ముందు, డబ్బింగ్ తర్వాత. నటులు పెదవి కదలిక కోసం ఆగుతారు. ఒకరు ముగించాక మరొకరు అందుకుంటారు. గ్యారు కబుర్లు అలా నడవవు. ఒకరి మాట మీద మరొకరు పడతారు, సగంలో నవ్వేస్తారు, అసలు విషయం వదిలేసి ఇంకోదానికి పోతారు. 'మిల్కీ సబ్‌వే'లో గొంతులు ముందు రికార్డు చేసి, ఆ ధ్వనికి బొమ్మలు కదిపారు. దీన్ని 'ప్రెస్కో' అంటారు. దీనికోసం ఒక్కో నటి గొంతును వేరే మైకులో, వేరే ట్రాకులో తీసుకోవాలి. లేకపోతే పైబడిన మాటల్ని తర్వాత విడదీయలేరు, ఇంకో భాషలోకి డబ్బింగ్ చేసేటప్పుడు ఎక్కడ ఎవరు అందుకున్నారో కూడా తెలియదు. సబ్‌టైటిల్ వేసేవాళ్లు ఇద్దరి మాటలనూ ఒకే వరసలో కుక్కకుండా, ఎడమ మనిషివి ఎడమ, కుడి మనిషివి కుడి పక్కన పెట్టాలి. మూడున్నర నిమిషాల భాగంలో ఒక ముక్క జారిపోతే, వెనక్కి వెళ్లి చూసేలోపు రైలు ఇంకో స్టేషన్ దాటేసి ఉంటుంది.